మేనమామకు పడిన కత్తెర

ఆ రోజుల్లో కత్తిరించడమే తెలివి అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఈ దీవిలో, డైరీ ఫార్మ్ అనే పేటలోని మా వరండా నుంచి గేటు దాకా నడిస్తేనే ఆయాసం వస్తోంది కానీ, గోల్ ఘర్ సందులోని ఓ చిన్న తెలుగు వారపత్రికలో కాపీ ఎడిటర్‌గా చేరిన కొత్తలో నా ఎర్రపెన్నుకు అలుపన్నది లేదు. ఎవరేం రాసి పంపినా తప్పులు దిద్ది, ఉన్న జాగాలో పట్టేలా కుదించడం నా పని. (మా అమ్మ చెప్పే కబుర్లను కూడా మనసులో కుదించుకునేవాణ్ణి.)

ఒక వారం మా ఓనరుగారి స్నేహితుడు, కిరాణా షావుకారు, కూతురి పెళ్లి ప్రకటన పంపాడు. పెళ్లి సంగతి కాస్త, మిగిలినదంతా చుట్టాల పేర్లు. అవన్నీ కొట్టేసి 'బంధుమిత్రులు' అని ఒక్క మాటలో సర్ది, నన్ను నేనే మెచ్చుకున్నాను. పత్రిక బయటికొచ్చిన రోజే షావుకారు మా ఆఫీసులో కూలబడ్డాడు. ఆ కొట్టేసిన పేర్లలో పెళ్లికూతురి మేనమామ ఉన్నాడట. అలిగి, పెళ్లికి రానన్నాడట. పిల్లను బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసింది ఆయనే, షావుకారు భార్యకు ఉన్నది ఆ ఒక్క తమ్ముడే.

"నువ్వే వెళ్లి తీసుకురా. ఆయన రాకపోతే నువ్వూ ఇక ఆఫీసుకు రానక్కర్లేదు," అన్నారు ఓనరుగారు, కళ్లజోడు తుడుచుకుంటూ.

సిప్పీఘాట్‌లో బస్సు దిగి, వానలో నానుతూ ఆ మేనమామ వక్కతోటకు వెళ్లాను. మనిషి నాకు రెండింతలున్నాడు.

"కత్తెర బాబువి నువ్వేనేటి?"

"జాగా లేక, మామయ్యగారూ..."

"పక్కనే చెప్పుల కొట్టోడి ప్రకటన బొమ్మకి జాగా ఉంది కదరా భయ్యా. సొంత మేనమావని, నాను బంధుమిత్రుణ్ణేటి?"

ఆయన చాలాసేపు వక్కలు ఒలిచి, ఇంట్లోకి ఓసారి తొంగిచూసి, గొంతు తగ్గించాడు.

"ఛోడో, వదిలెయ్. నడుం పట్టేసింది బాబూ. బుట్ట ఎత్తలేనని అక్కకి సెప్పడానికి సిగ్గేసి సస్తన్నాను. ఇంతలో దేవుడిలా నువ్వు నా పేరు కొట్టేసినావు. రెండో పక్క నువ్వు పట్టుకుంటే వస్తాను. పేపర్లో మాత్రం నా పేరొక్కటే రావాలి."

పట్టుకున్నాను. (పెళ్లికూతురు పుష్టిగా పెరిగిన పిల్ల.) మేనమామ బుట్ట మోసుకొచ్చిన వార్త నేనే రాసి, రెండో పక్కవాడి పేరు నేనే కొట్టేశాను. ఉద్యోగం నిలిచింది. ఆ పూట డైరీలో 'నడుం నొప్పి' అని మాత్రం రాసుకున్నాను.

మొన్న మా చెల్లెలి మనవరాలి పెళ్లిపత్రిక ఫోన్‌లో వచ్చింది. కళ్లజోడు మార్చి మార్చి నా పేరు కోసం వెతికాను. నేను 'బంధుమిత్రులు'లో ఉన్నాను. అలుగుదామనిపించింది. ఎవరైనా బస్సెక్కి బతిమాలడానికి వస్తారేమోనని కాసేపు గేటు వైపు చూశాను కూడా. తర్వాత నాలో నేనే నవ్వుకుని, నడుముకు తైలం రాసుకుంటూ, తప్పకుండా వస్తానని జవాబు పెట్టాను.