కింద పెట్టిన సన్నపార

తెనాలిలో బసవేశ్వరరావు ఇల్లెక్కడంటే ఏ బసవేశ్వరరావు అని ఎదురు ప్రశ్న వేస్తారు. సన్నపార బసవేశ్వరరావు అంటే మాత్రం ఆటో అతను నేరుగా గుమ్మం ముందు దించుతాడు. దిగినవాళ్లు ఆ మనిషిని చూసి కాస్త తికమకపడతారు. ఎందుకంటే ఆయనలో సన్ననిదంటూ ఏదీ లేదు. గుమ్మంలోంచి ముందు పొట్ట వస్తుంది, తర్వాత నమస్కారం వస్తుంది, ఆఖరున మనిషి వస్తాడు.

ఆయన పని మంచినీళ్ల పైపులకి కాలవలు తవ్వడం. జానెడు వెడల్పు, మోకాటి లోతు. గునపంతో పొడవడం ఎవరైనా పొడుస్తారు. రాలిన మట్టి పైకి తీయడంలోనే ఉంది తంటా అంతా. మామూలు పార ఆ ఇరుకులో పట్టదు. మిగిలినవాళ్లయితే దిగి చేత్తో తోడేస్తారు. బసవేశ్వరరావు దిగితే మట్టి సంగతి తర్వాత, ముందు ఆయన్ని తోడాలి.

అందుకని చుండూరులో ఒక ముసలి కమ్మరి చేత పాత బస్సు కమాను పట్టీతో పార కొట్టించుకున్నాడు. అరచేయంత వెడల్పు, రెండు పక్కలా దోసిలిలా పైకి లేచిన అంచులు, మెడ దగ్గర కొద్దిగా వంపు. దానికి బాపట్ల వైపు నుంచి తెచ్చిన పొడుగాటి సరుగుడు కర్ర. గట్టు మీద దర్జాగా నిలబడి, అడుగున రాలిన మట్టిని ముందుకి లాగి పైకెత్తడమే. తెనాలి నల్లమట్టి ముద్దగా వస్తుంది, రేపల్లె ఉప్పునేల జిగురుగా సాగుతుంది, బాపట్ల ఇసుకైతే తీసినంత మళ్లీ జారుతుంది. మూడింటికీ ఆ ఒక్క పారే. దసరాకి దానికి ఆయన పసుపు రాసి బొట్టు పెడుతుంటే భార్య పార్వతి గడపలో నిలబడి, "నా మొహం వంక ఎప్పుడన్నా అంత పరీక్షగా చూశావా?" అని అడిగేది. ఆయన పారకి ఇంకో బొట్టు పెట్టేవాడు.

కాలవ ఈయన తవ్వితే పైపు వేసేది నాగమల్లేశ్వరరావు, పిలిచేది మల్లేశు అని. పార్వతికి సొంత తమ్ముడు. రేపల్లెలో ఉంటాడు, పొద్దున్నే బండెక్కి తెనాలి వస్తాడు. అతుకు పెట్టాడంటే చుక్క నీరు కారదు. మనిషి మాత్రం గాలేస్తే ఎగిరిపోయేట్టు ఉంటాడు. బావా బావమరుదులు పక్కపక్కన నడుస్తుంటే రోలూ రోకలీ బజారుకి బయలుదేరినట్టు ఉండేది. పొద్దస్తమానం ఒకళ్లనొకళ్లు ఆడిపోసుకుంటూనే ఉండేవాళ్లు, ఒకళ్లు లేకుండా ఇంకొకళ్లు టీ కూడా తాగేవాళ్లు కాదు.

బసవేశ్వరరావుకి ఒక పట్టింపు ఉంది. ఇనుప సామాను చేతి నుంచి చేతికి ఇవ్వడు. అలా ఇస్తే బంధుత్వాలు తెగుతాయని వాళ్ల నాయనమ్మ చెప్పింది. ఎవరన్నా పార అడిగితే కింద పెడతాడు, వాళ్లు తీసుకోవాలి. బావమరిది విషయంలో మరీ జాగ్రత్త, ఎందుకంటే తెగకూడని బంధుత్వం ఆయనకి అదొక్కటే ఉంది. ఆ సంగతి ఎప్పుడూ పైకి అనలేదు.

బాపట్లలో మాధవీలత అనే ఆవిడ ఇంటి పని వచ్చింది. ఒకపక్క ప్రహరీ గోడ, ఒకపక్క కొత్తగా పరిచిన రంగు టైల్సు, మధ్యలో జానెడు నేల. ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని, "నా టైల్సు మీద ఒక్క ఇసుక గింజ పడ్డా ఊరుకోనండీ" అని ముందే చెప్పేసింది. తీసిన ఇసుకంతా గోనెసంచుల్లోకే ఎత్తారు. పని అయిపోవస్తుండగా మల్లేశు అటు చివర నుంచి, "బావా, ఇక్కడ కొంచెం జారింది, పార ఇటియ్యి" అన్నాడు. కింద పెట్టాలి. టైల్సు మీద పెడితే ఆవిడ ఒప్పుకోదు. అందుకని బసవేశ్వరరావు పారని కాలవలోనే పైపు వెంబడి పొడుగ్గా పడుకోబెట్టాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ, "పెసరట్లు చల్లారిపోతున్నాయి, రండి" అని పిలిచింది.

తినొచ్చాక బసవేశ్వరరావు ఒక్కో సంచీ గుండెలకి హత్తుకుని కాలవలోకి బోర్లించాడు. ముందు సంచీ, దాని కింద పొట్ట. ఆ రెండూ దాటి ఆయన చూపు కాలవలోకి దిగే మార్గం లేదు. పూడ్చాక దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి గట్టిగా తొక్కాడు. తొక్కుడు పని ఎప్పుడూ ఆయనదే.

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆయనకి కాలేదు.

"పార ఏదిరా?" అన్నాడు సామాన్లు సర్దుతూ.

"నీ దగ్గరే కదా?"

"నువ్వడిగితే కింద పెట్టాగా!"

"నేను తీసుకోలేదు బావా. చేత్తోనే తోడేశా."

"తీసుకోకపోతే కాళ్లొచ్చి నడిచెళ్లిందా? రేపల్లెలో సొంతంగా పని పెట్టుకుందామని చూస్తున్నావేమో!"

మల్లేశు మొహం ఎర్రబడింది. "మాట జారకు బావా."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నీకెందుకంత రోషం?"

"నీ పార నీ కాళ్ల కిందే ఎక్కడో ఏడ్చుంటుంది, చూసుకో!" అని మల్లేశు సంచీ భుజాన వేసుకుని ఒక్కడే స్టేషనుకి వెళ్లిపోయాడు. కోపంలో అన్నాడు గానీ అక్షరాలా నిజమే అన్నాడు. కాలవ మళ్లీ తెరిచి చూద్దామన్న ఆలోచన బసవేశ్వరరావుకి రాలేదు. పూడ్చింది తను, తొక్కింది తను, ఇక అందులో తప్పెందుకుంటుంది?

అసలు బాధ ఇంటికొచ్చాక మొదలైంది. సంగతంతా పార్వతి వింది. మర్నాడు పొద్దున టీ గ్లాసు తెచ్చి ఆయన చెయ్యి చాపితే చేతికివ్వకుండా నేల మీద పెట్టింది.

"ఏంటిది?"

"చేతికిస్తే బంధుత్వాలు తెగుతాయంటగా."

ఆ తర్వాత తువ్వాలు కింద, ఫోను కింద, కళ్లజోడు కింద. అన్నం కంచం సరేసరి. వంగడమన్నది ఎన్నడూ అలవాటు లేని మనిషి చొక్కా గుండీతో సహా అన్నీ నేల మీద నుంచి ఏరుకోవాల్సి వచ్చింది.

పని కూడా చెడింది. కొత్త పార చేయిద్దామంటే ఆ కమ్మరి పోయాడు, కొడుకు గేట్లు వెల్డింగు చేసుకుంటున్నాడు. మామూలు పారతో తవ్వితే కాలవ మూరెడు వెడల్పయ్యేది. చేబ్రోలులో ఒక పెద్దాయన చూసి, "పైపు వెయ్యమంటే పడవ తిప్పేట్టు తవ్వావేంటయ్యా?" అన్నాడు. అది మల్లేశు విని ఉంటే పదేపదే చెప్పుకుని నవ్వేవాడు. ఆ నవ్వు లేదు. నిజం చెప్పాలంటే, పార పోయినందుకు కాదు, మల్లేశు లేనందుకు ఆయనకి అన్నం సహించలేదు.

ఒకరోజు పార్వతి కంచం కింద పెడుతూ చెప్పింది. "తమ్ముడు రేపల్లెలోనే వేరే మేస్త్రితో కలుస్తున్నాడంట. ఇక తెనాలి బండి ఎక్కడంట."

ఆయన ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

ఆ వారంలోనే బాపట్ల నుంచి మాధవీలత ఫోను చేసింది. కాలవ వేసినచోట నేలంతా తడిసి ఊట ఊరుతోంది. "తవ్వింది ఒకరు, వేసింది ఒకరు. ఇద్దరూ రావాల్సిందే. ఆయనకీ చెప్పాను" అంది.

ఇద్దరూ వచ్చారు, రైల్లో వేరువేరు పెట్టెల్లో. మాటల్లేవు. నీళ్లు కట్టేసి చెరో చివర నుంచి తవ్వడం మొదలుపెట్టారు.

"అమ్మా, ఆయన్ని పైపుకి గునపం తగలకుండా చూసుకోమనండి" అన్నాడు మల్లేశు వరండా వైపు చూసి.

"అమ్మా, నాకు తెలుసని చెప్పండి" అన్నాడు బసవేశ్వరరావు.

"నేనేమన్నా మీ ఇద్దరికీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీనా?" అందావిడ.

సన్నపార లేదు. తడి ఇసుక చేత్తో తోడక తప్పదు. బసవేశ్వరరావు ఆపసోపాలు పడి టైల్సు మీద బోర్లా పడుకుని కాలవలోకి చెయ్యి దించాడు. మల్లేశు ఓరగా చూశాడు. కాసేపటికి ఒక మడత పెట్టిన గోనెసంచీ ఆయన పక్కకి వచ్చి పడింది. "అమ్మా, దాన్ని పొట్ట కింద వేసుకోమనండి. టైల్సు అంచు కోసుకుంటుంది."

ఆయన వేసుకున్నాడు. మళ్లీ తోడాడు. వేళ్లకి గుండ్రంగా కర్ర తగిలింది. వేరనుకుని లాగాడు. వేరు కాదు. తన అరచెయ్యి రాసుకుని రాసుకుని నున్నగా అయిన సరుగుడు కర్ర. చెయ్యి ముందుకి జరిపితే మెడ వంపు, ఆపైన దోసిలి అంచు. ఆ అంచు సరిగ్గా మల్లేశు వేసిన అతుకు మీదికెక్కి కూర్చుని ఉంది. తను తొక్కిన తొక్కుడికి అతుకు కాస్తా చిట్లింది.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం విన్నాం. ఈయన పిల్లాణ్ణి పాతిపెట్టి, మేనమామ మీద నింద వేశాడు.

తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని చుట్టూ చూశాడు. మల్లేశు అటు తిరిగి ఉన్నాడు. మాధవీలత ఫోనులో ఉంది. దీన్ని సంచీలో చుట్టేసి, కమ్మరి కొడుకు కొత్తది చేసిచ్చాడని చెబితే ఎవరికి తెలుస్తుంది? మెల్లగా రెండో చేత్తో పొట్ట కింద సంచీ లాగాడు. అది సగం వచ్చాక, ఆ సంచీ ఎవరిచ్చారో గుర్తొచ్చింది.

దొంగ అని తిట్టించుకున్నవాడు పొట్ట కోసుకుంటుందని సంచీ ఇస్తే, ఆ సంచీలోనే ఇది దాచడమా? సంచీ వదిలేశాడు. లేద్దామనుకున్నాడు. ఒక చేతిలో పార, దాని మీదికి జారిన ఇసుక, కింద పొట్ట. కదల్లేకపోయాడు.

"మల్లేశూ" అన్నాడు. మధ్యలో అమ్మా లేదు, చెప్పండీ లేదు.

మల్లేశు కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది బావా? నెప్పా?"

బసవేశ్వరరావు చెయ్యి పైకెత్తాడు. ఇసుకలోంచి సన్నపార లేచింది. మల్లేశు పారని చూశాడు, చిట్లిన అతుకుని చూశాడు, బావ మొహం చూశాడు.

"నీ కాళ్ల కిందే ఉంటుందని చెప్పానా లేదా?"

"చెప్పావురా. తప్పు నాదే. నా నోరు మంచిది కాదు."

"సరేలే. అక్కడ కింద పెట్టు, నే తీసుకుంటా."

"కింద పెట్టబట్టే కదరా ఇంతదాకా వచ్చింది! చేతికే తీసుకో."

మల్లేశు చెయ్యి తుడుచుకుని, ఆ పారని బావ చేతిలోంచి తన చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత దాన్ని చంకలో పెట్టుకుని రెండు చేతులతో బావని లాగాడు. పైకి రావడానికి చాలాసేపు పట్టింది.

"అంటే పైపు పగలగొట్టింది మీ పారేనా?" అంది మాధవీలత ఫోను పక్కన పెట్టి.

"కాదండి, మా బావ" అన్నాడు మల్లేశు, పదిమందికి వినపడేట్టు.

సాయంత్రం ఇద్దరూ ఒకే పెట్టెలో తెనాలి వచ్చారు. గుమ్మంలో తమ్ముణ్ణీ, వాడి భుజం మీద సన్నపారనీ చూసి పార్వతి గబగబా లోపలికి వెళ్లి రెండు గ్లాసులు తెచ్చింది. తమ్ముడికిచ్చింది. అలవాటుగా బసవేశ్వరరావు నేల వైపు వంగబోయాడు.

"ఎక్కడికి వంగుతావు? ఇదిగో, పట్టుకో" అని ఆయన చేతికే గ్లాసు అందించింది.