ఉసిరితోట దగ్గర ఆగిన బండి

కార్తీకం రాగానే అమ్మ మంచం కింది ఉన్నిబట్టల ట్రంకుపెట్టె బయటికి లాగుతుంది. మూత తియ్యగానే కలరా ఉండల వాసన గది దాటి వరండాదాకా వచ్చేస్తుంది. మేమిప్పుడు మంగ్లా పేటలో సొంత ఇంట్లో ఉంటున్నాం, గోడలకింకా రంగు వాసనే పోలేదు. అయినా ఆ పెట్టె తెరుచుకున్న క్షణంలో నేను ఇదే ఊళ్లోని తార్‌బహార్ రైల్వే క్వార్టర్లో నాలుగో తరగతి పిల్లనైపోతాను.

చలి మొదలైందని ఆ రోజుల్లో మాకు బుధవారీ బజారు చెప్పేది. దసరా పందిళ్లు విప్పిన చోటే స్వెట్టర్ల వాళ్లు తాళ్లు కట్టి రంగురంగుల ఉన్నిబట్టలు వేలాడదీసేవారు. మిఠాయి కొట్టు ముందు జిలేబీల పాకం వాసన, పక్కనే వేడి ఇసకలో వేరుసెనగకాయలు వేపే చప్పుడు, కొత్త బెల్లం మీద ముసిరే కందిరీగలు, వీటన్నిటి మధ్య చెరువుల్లోంచి అప్పుడే వచ్చిన సింఘాడాలు. నల్లటి తొక్క, రెండు పక్కలా ముల్లులాంటి కొమ్ములు, ఒలిస్తే లోపల పాలరంగు పప్పు. వాటిని ఉడకబెట్టి బుట్టలో పెట్టుకు అమ్మే ముసలామెను అందరూ దాయి అనేవారు, ఇక్కడి భాష ఛత్తీస్‌గఢీలో అమ్మ అని. నేను కొట్లో నోరు విప్పి ఏదీ అడగలేని పిల్లనని ఆమెకు తెలుసు. వెళ్లి ఊరికే నిలబడితే చాలు, ఒకటి ఒలిచి నా చేతిలో పెట్టి, తక్కినవి పొట్లం కట్టేది.

సాయంత్రాలు కాలనీ పార్కులో మేమాడేది రైలాటే. ఒకరు గార్డు, ఒకరు డ్రైవరు, మిగిలినవాళ్లం వ్యాగన్లం. గార్డు ఎర్ర రుమాలు ఊపాక ఎవరు అడుగు వేసినా ఆటలోంచి అవుటు. మా నాన్న బొగ్గుబళ్ల డ్రైవరు కనక నేను తప్పు చేస్తే పిల్లలు రెట్టింపు నవ్వేవారు. అందుకని నేనెప్పుడూ తప్పు చేసేదాన్ని కాదు.

ఏటా కార్తీకంలో ఒక ఆదివారం కాలనీలోని తెలుగు కుటుంబాలన్నీ కలిసి వనభోజనానికి వెళ్లేవి. ఊరి చివర, రైలు పట్టాలు వంపు తిరిగే చోట ఒక ఉసిరితోట ఉండేది. పొద్దున్నే రిక్షాల్లో గిన్నెలు దిగేవి. ఆడవాళ్లు కందాబచ్చలి తరిగేవారు, పులిహోర కలిపేవారు, పచ్చి కట్టెల పొగకు కళ్లు తుడుచుకుంటూ ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు. మగవాళ్లు దుప్పటి పరిచి పేకాటకు కూర్చునేవారు. గాలి వీస్తే ఉసిరికాయలు టపటపా మా వీపుల మీద రాలేవి. దాయి కూడా బుట్ట మీద ఎర్రగుడ్డ కప్పుకుని మా వెనకే వచ్చి, తోట అంచున ఒక చెట్టు కింద కూర్చునేది.

ఆ ఏడు నాన్నకు ఆ ఆదివారమే డ్యూటీ పడింది. ఎన్నో ఏళ్లు బొగ్గుబళ్లు నడిపిన ఆయనకు ఆ శీతాకాలం పాసింజరు బండి ఇస్తారని కాలనీ అంతా చెప్పుకుంటోంది. అమ్మ అప్పటికే రెండు మొక్కులు మొక్కింది. ఇల్లు కదిలేముందు నాన్న నాతో, "మద్దినం ఆ తోట పక్కనుంచే వస్తానమ్మా. హారన్ కొడతాను, చూస్తుండు," అన్నాడు.

మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంది. ముందు వారమే కొన్న కొత్త ఎర్ర స్వెట్టరు విప్పి చేతిలో పట్టుకున్నాను. విస్తర్లు వేస్తున్నారు. అప్పుడు వంపు అవతల హారన్ మోగింది. ఇంతమందిలో నాన్నకు నేనెలా కనబడతానన్న ఒక్క ఆలోచన తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. పరిగెత్తి పట్టాల పక్క కట్ట ఎక్కాను. స్వెట్టరు తలపైకెత్తి, చేతులు నొప్పి పుట్టేలా ఊపాను.

బ్రేకులు కీచుమన్నాయి. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న చప్పుడు దూరందాకా వెళ్లింది, బొగ్గుపొడి మా విస్తర్ల మీద పడింది. బండి మెల్లగానే వస్తోంది కాబట్టి ఇంజను మమ్మల్ని కొంచెం దాటి ఆగిపోయింది. నాన్న కిటికీలోంచి తల బయటపెట్టాడు. స్వెట్టరును చూశాడు, నన్ను చూశాడు, తల లోపలికి తీసుకున్నాడు.

"ఓలమ్మో! ఏటి చేసీసినావే గుంటా!" అంది మా పక్క క్వార్టరు బంగారమ్మ అత్త.

అమ్మ నా చేతిలోంచి స్వెట్టరు లాక్కుని సంచిలో కుక్కింది. బండి చిట్టచివర గార్డు దిగాడు. ఇంత చిన్న తెల్లటి చుక్కలా ఉన్నాడు. బండి పొడుగునా నడిచి మా దగ్గరికే వస్తున్నాడు.

"కూతురు ఊపితే ఆపీసాడంటే ఎవులు నమ్ముతారు వదినా?" బంగారమ్మ అత్త గొంతు తగ్గించింది. "బువ్వ కోసం బండాపీసాడంటారు. పాసింజరు మాట దేవుడెరుగు, ఉన్న ఇంజనులోంచే దించీస్తారు."

"మరేటి చెప్పడం?" అంది అమ్మ.

"నువ్వు వల్లకో. నాను చెప్తాను కదా."

పేకాట దగ్గర ఎవరో, "పోనీ ఆ గార్డుక్కూడా ఓ విస్తరెయ్యండే," అన్నారు. చుక్క మనిషైంది, మనిషికి మీసాలొచ్చాయి, చంకలో జెండాలు కనబడ్డాయి.

"లాల్ కప్డా కిస్‌నే దిఖాయా?" ఎర్రగుడ్డ ఎవరు చూపించారని రొప్పుతూ అడిగాడు.

బంగారమ్మ అత్త చెయ్యి చాపి తోట అంచున కూర్చున్న దాయిని చూపించింది. బుట్ట మీది గుడ్డ దులుపుతోంది సాహబ్, మేమంతా చూశాం అని హిందీలో చెప్పింది. మేమంతా అన్న మాటకు ఎవరూ అడ్డు చెప్పలేదు.

"మంయ్ నఇ, సాహబ్," అంది దాయి. నేను కాదని. గార్డు బుట్ట మీది గుడ్డ లాగి చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు. తన వెంట స్టేషనుకు రావాలన్నాడు. దాయి సింఘాడాలు సర్దుకుంటూ మా అందరి ముఖాల్లోకీ వరసగా చూసింది. నేను ఊపుతుండగా ఆమె చూసింది, ఆమెకు తెలుసు. నా ముఖం దగ్గర ఆమె చూపు ఒక్క క్షణం ఆగింది, పక్కకు పోయింది. నా పేరు చెప్పలేదు.

అమ్మ వేళ్లు నా భుజంలోకి దిగుతున్నాయి. నేనేనని చెప్పాలనుకున్నాను. నాలుక కదల్లేదు. వంగి అమ్మ చేతికిందనుంచి తప్పుకుని, సంచిలోంచి స్వెట్టరు లాగి తొడుక్కున్నాను. తల మెడపట్టీలో ఇరుక్కుని కాసేపు లోకమంతా ఎర్రటి చీకటైపోయింది, "దీన్నాపండే!" అని అత్త అరుస్తోంది. తల బయటికి రాగానే నడిచి వెళ్లి గార్డు ముందు నిలబడ్డాను.

అతను స్వెట్టరును చూసి, ఇంజను వైపు చూసి, "డ్రైవర్ కీ బేటీ?" అన్నాడు, డ్రైవరు కూతురివా అని. తల ఊపాను. గుడ్డ దాయికి తిరిగి ఇచ్చేశాడు.

తర్వాత నాన్నను చాలాసార్లు ఆఫీసుకు పిలిచారు. బ్రేకు వేసేముందే కూతుర్ని గుర్తుపట్టావా, అంటే ఇంటివాళ్ల కోసమే బండి ఆపావా అన్నదే వాళ్ల ప్రశ్న. లేదనే చెప్పాడు. నమ్మారో లేదో కానీ పాసింజరు బండి ఇంకొకాయనకు వెళ్లింది, నాన్న మరో మూడేళ్లు బొగ్గే మోశాడు. అమ్మ నాతో వారందాకా మాట్లాడలేదు, బంగారమ్మ అత్త అమ్మతో ఉగాదిదాకా మాట్లాడలేదు. బజారుకు వెళ్లి ఎప్పటిలాగే నిలబడితే దాయి ఈసారి ఏమీ ఒలవలేదు. "బోల్, నోనీ," అంది. నోటితో అడగవే పిల్లా అని. అడిగాను.

ఆ ఉసిరితోట మీదుగా ఇప్పుడు కొత్త లైన్లు పోతున్నాయి. వనభోజనాలు హాల్లో జరుగుతున్నాయి, కుండీలో ఒక ఉసిరికొమ్మ గుచ్చి. దాయి కూర్చునే చోట ఫోను కవర్లు అమ్ముతున్నారు. నాన్నకింకా ఒక్క ఏడాది సర్వీసుంది. ఆ రోజు గుర్తుపట్టి ఉంటే ఆపేవాడు కాదని, నన్ను పోల్చలేకపోవడం వల్లే అంత నష్టం జరిగిందని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. మొన్న ఆయన డ్యూటీకి బూట్లు తొడుక్కుంటుంటే అడిగేశాను.

"పోల్చీసినాను," అన్నాడు తలెత్తకుండానే. "వంపు తిరగ్గానే పోల్చీసినాను. అయితే ఏటి? నా కూతురు పట్టుకుందని ఎరుపు పచ్చనైపోద్దేటి?"