వయ్యారిభామ పూసిన ఏడు

మా నాయన మొహం చూసి "పెద్దరోగం" అన్న మొదటి మనిషి మా మేనత్త. నాయనకు సొంత అక్క. ఆమెకు వైద్యం తెలియదు గానీ నోరుంది. మా ఊళ్లో దానికే విలువెక్కువ.

ఆ ఏడు ఉరవకొండ వైపు వానలు బాగా పడ్డాయి. చేనిగట్ల మీద, బాటల పక్కన, బడి వెనక, ఎక్కడ చూసినా నడుమెత్తున తెల్లపూల గడ్డి లేచింది. వయ్యారిభామ అంటారు. ఆ దరిద్రానికి అంత ముద్దుపేరు పెట్టినవాణ్ణి పిలిచి మా వేరుశనగ చేలో ఒక్క పూట కలుపు తీయించాలి. నాయన దాన్ని రోజూ వట్టి చేతులతో పీకాడు. నెల తిరక్కుండా మొహం, మెడ, చేతులు నల్లబడి, తోలు మందమై, పగుళ్లిచ్చి రసి కారింది.

అప్పుడే నేను కాన్పుకు పుట్టింటికి వచ్చాను. ఆడపిల్ల పుట్టింది. నాయన చేతులు కడుక్కుని ఆశగా వస్తే అత్త గడపలో అడ్డం నిలబడింది.

"నీకేమన్నా మతి ఉండాదా? కుష్టు చేతుల్తో పసిబిడ్డను ముట్టుకుంటావా?"

నాయన వెనక్కి పోయాడు. ఆ రోజు నుంచి వసారా చివర కూర్చుని, బిడ్డ ఏడిస్తే మెడ సాచి చూసేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. అత్త మీద అరిచాను, అమ్మ మీద అరిచాను. పచ్చి బాలింతవు, అరవకూడదన్నారు. అంతే.

డాక్టర్ల సంగతి తలుచుకుంటే ఇంకా మంట. ఒకాయన తల ఎత్తకుండానే పూతమందు రాశాడు. ఇంకొకాయన ఇంకో ట్యూబు రాశాడు. పూసినంత కాలం తగ్గేది, ఆపితే రెట్టింపయ్యేది. ఏం పని చేస్తావు, ఎప్పుడు ఎక్కువవుతుంది అని అడగడానికి ఒక్కరికీ నోరు రాలేదు. అడిగి ఉంటే నాయనే చెప్పేవాడు, కరువు ఏళ్లలో తన ఒళ్లు నున్నగా ఉంటుందని, వానలు పడిన ఏడే దురద మొదలవుతుందని.

చివరికి నేనే పట్టుబట్టి బెంగళూరులో ఎలర్జీలు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. బిడ్డ నా ఒళ్లోనే ఉంది. బస్సులో నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా నాయన పోయి చివరి వరసలో కూర్చున్నాడు.

డాక్టరమ్మ అన్నీ అడిగింది. చేను గురించి, కలుపు గురించి, వానల గురించి. ఒంటికి ఏది పడటం లేదో తెలియడానికి, ఒక్కోదాంట్లో ఒక్కో పదార్థం పెట్టిన చిన్న చిన్న పట్టీలు వీపు మీద అంటించి, రెండు రోజులు తడవకూడదు, చెమట పట్టకూడదు అంది. లాడ్జి గదిలో నాయన ఆ రెండు రోజులూ ఫ్యాను కింద, గోడకు ఆనుకోకుండా, పరీక్ష రాసే పిల్లాడిలా కూర్చున్నాడు. పట్టీలు తీస్తే ఒక్కచోట ఎర్రగా పొంగి ఉంది.

"ఈ వయ్యారిభామ గడ్డి మీ ఊళ్లో ఉందా?"

"అది తప్ప మా ఊళ్లో ఏముండాది తల్లీ!"

ఆమె మందులు రాసింది. నిండు చేతుల చొక్కా వేసుకోమంది, గడ్డి జోలికి పోవద్దంది. నాయన అవేవీ విన్నట్టు లేడు.

"బిడ్డకు అంటుకోదా?" అన్నాడు.

"ఎవరికీ అంటుకోదు. ఇది రోగం కాదు, మీ ఒంటికి ఆ గడ్డి పడటం లేదు. హాయిగా ఎత్తుకోండి."

బయటికి రాగానే అత్తకు ఫోన్ చేశాను. నాయనకు కూడా వినబడేటట్టు పెట్టి, డాక్టరమ్మ మాటలన్నీ చెప్పాను.

"ఓస్, గడ్డేనా? ముట్టుకోవద్దని నేనెప్పుడంటినే?" అంది అత్త.

ఫోన్ కట్ చేసి, బిడ్డను నాయన ముందుకు చాపాను.

"ఎత్తుకో నాయనా."

"వద్దులేమ్మా. చేతులు గరుగ్గా ఉండాయి. బిడ్డకు గీసుకుంటాది."

"ఎత్తుకో!" అని అరిచాను. అక్కడున్న వాళ్లంతా మా వైపు తిరిగారు. బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు మొదలుపెట్టింది.

నాయన భుజం మీది తువ్వాలు తీసి, రెండు చేతులకూ వేళ్లు కనబడకుండా చుట్టుకుని, అప్పుడు చాపాడు.