సంగటికి చెంచా

మా అక్క మొగుడు ఆళ్ళగడ్డలో రాతి శిల్పి. ఆయనకున్న ఆస్తి రెండు చేతులు. పేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ చేశాక డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రలు సరిగ్గా ఆ ఆస్తి మీదే పడ్డాయి. అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మండుతాయని ఆమె ముందే చెప్పింది. దానికో కొలత కూడా చెప్పింది. చర్మం మారినా నొప్పి లేకుంటే ఒకటి. నొప్పి పుట్టి పనికి అడ్డమొస్తే రెండు. స్నానం, బట్టలు, తిండి సొంతంగా చేసుకోలేనంత అయితే మూడు. రెండుకొచ్చినా సరే, తగ్గేదాకా మాత్రలు ఆపాలి.

ఇంత చెబితే మా బావ చెవిలో పడింది 'ఆపాలి' ఒక్కటే. ఆయన పనిలో సగంలో ఆపిన రాయి అంటే లోపల బీట కనిపించిన రాయి. దాన్ని గోడవారకు దొర్లిస్తారు, మళ్ళీ ముట్టరు. తననూ అట్లా దొర్లిస్తారని ఆయన భయం.

మాత్రలు మొదలైన కొన్ని వారాలకు నంద్యాల ఆసుపత్రికి బావ ఎర్ర టీషర్టు వేసుకుని వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన గుండీల చొక్కా తప్ప వేసింది లేదు.

"ఏం బావా, కాలేజీలో సీటొచ్చిందా?" అన్నాను.

"వస్తే నీ క్లాసుకు మాత్రం రానప్పా" అన్నాడు.

లోపల డాక్టరమ్మ చేతులు తిప్పి చూసింది. ఆ చేతులకు ఏళ్ళ తరబడి ఉలి, సుత్తి కట్టిన కాయలున్నాయి. ఏది మాత్రల చలవో, ఏది రాతి చలవో చెప్పడం కష్టం.

"నొప్పి ఉందా? పనులు చేసుకోగలుగుతున్నారా?"

"నొప్పేంది మేడం! రాయి పనోళ్ళ చేతులు ఇట్లే ఉంటాయి."

ఆమె చీటీలో ఒకటి వేసింది. కాలేజీలో పాఠాలు చెప్పి, పేపర్లు దిద్ది బతికే వాణ్ణి నేను. మార్కులు తక్కువ వచ్చినందుకు మురిసిపోయిన మనిషిని చూడ్డం అదే మొదలు.

మధ్యాహ్నం నంద్యాలలోనే మా ఇంట్లో భోజనం. నా భార్య పొగలు కక్కే రాగి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి వడ్డించింది. బావ ముద్ద వైపు చూశాడు. ముద్ద కూడా ఆయన వైపే చూస్తున్నట్టుంది.

"అమ్మా, చెంచా ఒకటి ఇస్తావా?"

మా ఇంట్లో చెంచాకు ఊరగాయ జాడీలో తప్ప ఉద్యోగం లేదు. నా భార్య కదల్లేదు.

"అన్నా, సంగటికి చెంచా అడుగుతాండావా? యాడ, చెయ్యి చూపియ్."

వేళ్ళ సందుల్లో పొక్కులు. ఒకటి చితికి తడిగా ఉంది. నాకప్పుడు టీషర్టు అర్థమైంది. నా భార్య అక్కకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"గుండీలు నేనే పెడ్తాండా. నీళ్ళూ నేనే పోస్తాండా" అంది అక్క. "చెప్తే నా మీద ఒట్టే అన్యాడు."

"మాత్రలు ఆపితే నా పని అయిపోయినట్లే కదే" అన్నాడు బావ.

"ఉలి మొండైతే కొలిమిలో పెడ్తావే, అంతలో రాయి లేచి పారిపోతాందా? పో, మేడంకు నిజం చెప్పు."

అక్క ఫోన్ పెట్టేసింది. మా వైపు చర్చలు ఇట్లాగే ముగుస్తాయి.

సాయంత్రం మళ్ళీ వెళ్ళాం. డాక్టరమ్మ విసుక్కోలేదు. నిదానంగా చూసి మూడు వేసింది.

"ఇప్పుడు ఆపితేనే తర్వాత మందు కొనసాగించగలం. చేతులు బాగయ్యాక డోసు తగ్గించి మొదలుపెడదాం. మిమ్మల్ని వదిలెయ్యడం లేదు" అంది. రాసుకోవడానికి పూత మందిచ్చింది. పుండు మానేదాకా సుత్తి ముట్టొద్దంది.

"మూడంటే ఫెయిలా మేడం?"

"దాచిపెడితే ఫెయిల్."

బావ ఆ తర్వాత కొన్నాళ్ళు ఆళ్ళగడ్డలో కుర్చీ వేసుకుని కూర్చుని, తన కింద పనిచేసేవాళ్ళ తప్పులు పట్టాడు. ఆయన చేతులు తొందరగా బాగుపడాలని మాకంటే వాళ్ళే ఎక్కువ కోరుకున్నారు. పొక్కులు ఆరాయి, చర్మం పొరలుగా ఊడి కొత్తది వచ్చింది. కొలత ఒకటికి దిగింది, ఈసారి నిజంగానే. తగ్గించిన డోసుతో మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి.

దేవుడికి దండాలు మా అక్క పెడుతుంది. నేను డాక్టరమ్మకు, నా భార్యకు, ఆ పూట చల్లారని సంగటికి పెట్టుకుంటాను.

మొన్న బావ తెల్ల చొక్కాలో వచ్చాడు. పళ్ళెం ముందు కూర్చుని, ముద్దలో వేలు గుచ్చి, "అబ్బా, కాలుతాందే!" అని ఊదుకున్నాడు. ఆ అరుపు మాకు ఎంత హాయిగా ఉందో చెబితే బాగుండదు. గుండీలు తనే, ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకున్నాడు, చొక్కా ఓ పక్కకు వేలాడుతోంది. మేమెవరమూ సరిచెయ్యలేదు.