దర్గా నడిమి కమాను

మా వీధి చివరి దర్గాకు కట్టిన తేదీ చెక్కిన రాయి లేదు. తేదీ లేనిదాన్ని నేను సాధారణంగా నమ్మను. అయినా ఆ కట్టడం మీద మాత్రం పెళ్ళై ఏలూరు వచ్చిన నాటినుంచీ నాకు ఇష్టమే. లెక్కల టీచరుగా ఉన్నన్నాళ్ళూ బడికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ దాని ముందునుంచే నడిచేదాన్ని.

చిన్నదే. లోపల సమాధి ఉన్న గది, పైన గుమ్మటం, ముందు మూడు కమానుల వరండా. నడిమి కమాను పక్క రెండింటికంటే వెడల్పు. బడిపిల్లలను గోల్కొండ తీసుకువెళ్ళినప్పుడు అక్కడి సమాధుల్లో ఒకదాని లోపల నిలబడి పైకి చూశాను. మా వీధిలో ఏముందో అప్పుడు గాని నాకు తెలియలేదు. గది నలుచదరం, గుమ్మటం గుండ్రం. చదరం మీద వృత్తం కూర్చోదు, మూలలు మిగిలిపోతాయి. మధ్యయుగాల్లో పర్షియా పద్ధతిని దక్కనుకు తెచ్చిన పనివాళ్ళు ఒక్కో మూలకు అడ్డంగా ఒక్కో చిన్న కమాను వేశారు. చదరం ఎనిమిది పలకలైంది. ఆ ఎనిమిదిని పదహారు చేశారు. ఆపైన మిగిలిన తేడా సున్నపు పూతలో కలిసిపోతుంది. దూలం లేదు, ఇనుము లేదు. లెక్కను ఇంత అందంగా దాచిపెట్టిన పని నేను మరొకటి చూడలేదు.

మా దర్గాలోనూ అదే వరస, చిన్న కొలతలో. గుమ్మటం మెడ చుట్టూ తామర రేకులు కూడా ఉన్నాయి. గోల్కొండ రేకులకంటే ఇవి కాస్త బొద్దుగా ఉంటాయి. కొల్లేటి తామరలు చూసిన చెయ్యే వీటిని దిద్దిందని నా అనుమానం. రుజువు లేదు.

పోయిన వానాకాలం నడిమి కమాను నెర్ర విచ్చింది. మాది నల్లనేల, వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. ఇటుకలు రాలడం మొదలయ్యాక ఆ కమానును దించేశారు. మర్నాడు మా ఎదురింటావిడ వచ్చారు. దర్గా బాగోగులు చూసే కుటుంబం వాళ్ళది. భర్త పోయాక ఆ బాధ్యత ఆవిడ మీదే పడింది. మేమిద్దరం ఒకరినొకరం వదినగారనే పిలుచుకుంటాం.

"వదినగారండీ, మేస్త్రి స్తంభాల మీద లింటెల్ వేసేస్తానంటున్నాడండి," అన్నారు గుమ్మంలోనే నిలబడి.

"ముందు కూర్చోండి. వేస్తే ఏమవుతుంది?"

"గంధం ఎలా వెళ్తుందండి?"

అప్పుడు నాకు వెలిగింది. ఉరుసు నాడు గంధం కలశాన్ని నెత్తిన పెట్టుకుని నడిమి కమాను కిందనుంచి లోపలికి తీసుకువెళ్తారు. దాన్ని నెత్తిమీదనుంచి దించకూడదు, మోసేవాడు వంగకూడదు. ఆ స్తంభాలు పొట్టివి. వరండాకు ఎత్తు ఇచ్చేది కమానే. స్తంభాల మీద లింటెల్ పడితే కలశం తగులుతుంది.

"మా ఆయన ఉండగా ఒక్క ఏడు కూడా గంధం వంగలేదండి. నా హయాంలో వంగిందనిపించుకోలేను," అన్నారు.

ఇద్దరం దర్గాకు వెళ్ళాం. మేస్త్రిది తాడేపల్లిగూడెం. మర్యాద తెలిసిన మనిషే.

"ఆర్చీలు నాకు కొత్త కాదండి మేడమ్‌గారు. గూడెంలో ఎన్ని వరండాలకు వేశానో. కాకపోతే అవన్నీ అరచందమామలండి. ఈ ముక్కు తేలింది నేనెప్పుడూ వేయలేదు."

"పక్కవాటిని చూసి వేయొచ్చుగా?"

"పక్కవి ఇరుకండి. దీని వెడల్పుకి సాగదీస్తే బోర్లించిన మూకుడులా వస్తుంది."

"మూకుడు కింద గంధం పోదు బాబూ," అన్నారు వదినగారు.

మేస్త్రి నవ్వాడు గాని మెత్తబడలేదు. "అసలు సైజులో గీత గీసి ఇప్పించండి, అలాగే వేస్తాను. శుక్రవారం పొద్దున్న వస్తాను. గీత లేకపోతే లింటెలేనండి. ఆ తర్వాత నాకు ఉండి ఊళ్ళో పని ఉంది."

ఆ సాయంత్రమే పురికొస, మేకులు, వెదురు గెడ పట్టుకుని పక్క కమాను కింద స్టూలెక్కాను. వదినగారు స్టూలు పట్టుకుని, "మీరు పడ్డారంటే మీ ఇంట్లోవాళ్ళు నన్నంటారండి," అంటూనే ఉన్నారు. స్తంభాల తలల మీద గెడను అడ్డంగా కట్టి, వెడల్పును నాలుగు భాగాలు చేశాను. ఎడమ చివరనుంచి మూడు భాగాలు దాటిన చోట మేకు పెట్టి, ఆ మూడు భాగాల పొడవు పురికొస తిప్పితే కొస ఎడమ అంచు మీదనే నడిచింది. కుడి అంచుకు కుడి చివరనుంచి అలాగే. రెండు చాపాలూ కలిసేచోటే ఆ ముక్కు. రెండో పక్క కమానుకూ తూచినట్టు సరిపోయింది. ఎవరు కట్టారో తెలియని మనిషి ఆలోచన నా చేతికి దొరికినట్టయింది. నిజం చెప్పాలంటే స్టూలు దిగబుద్ధి కాలేదు.

గురువారం సాయంత్రం నడిమి కమాను వెడల్పు కొలుచుకొచ్చి, మా వాకిట్లో సిమెంటు నేల మీద అదే సూత్రంతో పూర్తి సైజులో ముగ్గుపిండితో గీశాను. మా ఇంట్లో పనిచేసే ఆవిడకు, పొద్దున్న దాన్ని ఊడవవద్దని చెప్పాను.

శుక్రవారం నేను పూజ ముగించి వచ్చేసరికి మేస్త్రి వచ్చి వెళ్ళిపోయాడు. సన్నని ఇనప ఊచను గీత వెంబడి వంచి పట్టుకుపోయాడట. వాకిట్లో చూస్తే గీత ఒకటి కాదు, రెండున్నాయి. నా గీతకు బయట, బొటనవేలు వెడల్పు ఎడంలో, మొదలునుంచి ముక్కు దాకా మరో గీత.

"ఇదేమిటి?" అన్నాను.

"ఊడవొద్దన్నారు, ఊడవలేదండి," అంది ఆవిడ. కొల్లేటికోట మనిషి, మాట నెమ్మది. "ఒంటిగీత వాకిట్లో మంచిది కాదు కదండి అమ్మగారు. పైగా శుక్రవారం. జంటగీత చేశాను."

"మేస్త్రి ఏ గీత మీద వంచాడు?"

"పై గీత మీదండి. బాగుందన్నాడు కూడా."

అంటే కమాను మొత్తం పెద్దదైపోతుంది. స్తంభాల మధ్య అది ఇమడదు. ఇమడకపోతే మేస్త్రి లింటెల్ ఎత్తుకుంటాడు. చెప్పులేసుకుని దర్గాకు నడిచాను. వదినగారు అప్పటికే అక్కడ ఉన్నారు. మేస్త్రి కమాను అచ్చుకు ప్లైవుడ్ కోసేస్తున్నాడు.

"మేస్త్రిగారూ, ఆగండి. బయటి గీత నాది కాదు."

"అదేంటండి, మీరే కదా రెండూ వేశారు? లోపలిది పూతకి, బయటిది ఇటుకకి. పూత మందం వదిలి ఇటుక పెట్టాలి కదండి. భలే ఆలోచించారనుకున్నాను."

నేను కొలిచింది పూత అంచు. ఇటుక అంచు సంగతి నాకు తోచనే లేదు. స్తంభం దగ్గర పూత పెచ్చు ఊడినచోట స్కేలు పెట్టి చూశాను. పూత మందం మా పనావిడ వదిలిన ఎడం కంటే నూలుపోగంత ఎక్కువ, అంతే. ఆ గీత ఎవరిదో, ఎందుకు వేసిందో మేస్త్రికి విడమరచి చెప్పాను. అతను నమ్మలేదు, నేను మొహమాటపడుతున్నాననుకున్నాడు.

"అదంతా తర్వాత," అన్నారు వదినగారు. "కమాను వస్తుందా రాదా?"

"వస్తుందండి," అన్నాడు మేస్త్రి.

ఉండి ఊరి పని కాస్త వెనక్కి జరిపి కమాను కట్టాడు. ఇటుకలకు కింద ఆనుగా పెట్టిన సెంట్రింగు తీసే రోజు ముగ్గురం ఉన్నాం. చివరి చీలను సుత్తితో తట్టి లాగాడు. ప్లైవుడ్ కిందికి జారింది, నాలుగు ఇసుక రేణువులు రాలాయి. కమాను నిలిచింది. పక్క ఇటుకను తోసే ఇటుక, దాన్ని తోసే మరో ఇటుక, మొత్తం బరువు రెండు స్తంభాల్లోకి దిగిపోయింది.

వదినగారు ఇంట్లోంచి ఇత్తడి కలశం తెచ్చి మేస్త్రి చేతికిచ్చారు. "మీరు పొడుగే కదా బాబూ. నెత్తిన పెట్టుకుని నడవండి. వంగకండి."

మేస్త్రి చెప్పులు విడిచి, కలశం నెత్తిన పెట్టుకుని కమాను కిందనుంచి లోపలికి నడిచాడు. కలశం పైన జానెడు పైగా ఖాళీ ఉంది. వదినగారు దాన్ని చూశారు, తర్వాత నా వైపు తిరిగారు.

"పూత ఇంకా పడాలి కదండి వదినగారూ. అది పోను చెప్పండి."

"అది పోను కూడా వంగక్కర్లేదు," అన్నాను.

ఆవిడ స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. కాసేపటికి, "మళ్ళీ ఒకసారి నడవండి బాబూ," అన్నారు.