ఆగినకాడ తిప్పాల

మా అమ్మకు అక్షరం ముక్క రాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం గడగడా మాట్లాడుతుంది గానీ, రెండింట్లో దేన్నీ చదవలేదు. అయినా నా పియానో కాగితాలు తిప్పింది ఆమే.

ఆమెకు గుడియాత్తంలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని. నేను శనివారాలు బస్సెక్కి వేలూరు పోయి, బాగాయంలో ఒక మిస్ దగ్గర పియానో నేర్చుకునేదాన్ని. ఆ ఏడాది మిస్ నాకిచ్చింది పాతకాలపు ఫ్రెంచాయన ఒకరు రాసిన వాల్ట్జ్. మూడేసి దెబ్బల మీద గిరగిరా తిరిగే పాట, ఒకచోట కుదురుగా నిలవదు. నాలుగు జిరాక్స్ కాగితాలు. వాయించేవాళ్ళకు చేతులు ఖాళీ ఉండవు కాబట్టి పక్కన ఒకరు నిలబడి తిప్పాలి. ఇంట్లో మా పాత కీబోర్డు పక్కన అమ్మ నిలబడేది. కాగితం మీది చుక్కలూ గీతలూ చూసేది కాదు, వినేది. నీకెట్లా తెలుస్తుందమ్మా అని ఒకసారి అడిగాను.

"ఆడ రవ్వంత ఆగి మల్లా పరిగెత్తుతాది గదా పాపా, ఆ ఆగినకాడ తిప్పాల," అనింది.

ఒక్కసారీ తప్పలేదు.

మిస్ వాళ్ళ హాల్లో పిల్లలందరూ వాయించే రోజు అమ్మ ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చింది. వెలిసిపోయిన చీర, గోళ్ళలో అగ్గిపుల్లల మందు మరకలు. చుట్టూ షూ వేసుకున్న పిల్లలు, సెంటు పూసుకున్న వాళ్ళ అమ్మలు. పేజీలు ఎవరు తిప్పుతారని మిస్ అడగ్గానే అమ్మ వెనక కుర్చీలోంచి లేచింది. నాకు తల కొట్టేసినట్టయింది. గబుక్కున పక్కనున్న అమ్మాయిని చూపించి, ఈమెకు నోట్స్ చదవడం వచ్చు మిస్ అన్నాను. అమ్మ మళ్ళీ కూర్చుంది.

నోట్స్ చదవడం వచ్చిన ఆ అమ్మాయి రెండు కాగితాలు కలిపి తిప్పేసింది. నా వేళ్ళు ఆగిపోయాయి. అప్పుడు వెనక నుంచి అమ్మ, నేను ఆగిన చోటు నుంచే, సన్నగా కూనిరాగం తీసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరామె అని పక్కమ్మాయి తమిళంలో అడిగింది.

"తెరియాదు," అన్నాను, నాకు తెలియదని, అందరికీ వినపడేట్టు. అని, నేనూ నవ్వాను.

ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు. సిగ్గులేనిదాన్ని, ఆ కూనిరాగం పట్టుకునే మిగతాదంతా వాయించి చప్పట్లు కొట్టించుకున్నాను. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళు ఉంటారు. నేను ఏట్లో ఉండగానే తగలేశాను.

తిరుగు బస్సులో అమ్మ, తను నోరు మూసుకుని ఉండాల్సిందని, మిస్ ఏమన్నా తిట్టిందా అని అడిగింది. లేదన్నాను.

మర్నాడు కీబోర్డు ముందు కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాను. మొదటి కాగితం చివరికొచ్చి అమ్మ వైపు చూశాను. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నువ్వే తిప్పుకో పాపా," అనింది. "నాకు తెరియాదు."