మెట్ట ఎక్కాల్సిన కారు

ఆ రోజుల్లోనే మాకు కారు ఉండేదని ఎవరైనా అంటే చుట్టాలు ఇప్పటికీ నోరు వెళ్ళబెడతారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఉండేది, నిజమే. ఎప్పుడు చూసినా ఇంటి ముందే ఉండేది. బానెట్టు ఎత్తి, చక్రాలు ఊడదీసి, కింద నుంచి మా ఆయన కాళ్ళు రెండూ బయటికి కనిపిస్తూ ఉండేది.

నాకు చిన్నతనంలో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. తొడ నుంచి మడమ దాకా రెండు ఇనప బద్దలు, వాటిని పట్టి ఉంచే తోలు పట్టీలు, కింద బూటు. అవి కట్టుకుంటేనే నిలబడగలను. మా నాన్న పోర్టు ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి విశాఖపట్నం వచ్చి, నన్ను పంతులమ్మ ట్రైనింగు దాకా చదివించాడు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు ఉప్మా తిని, కాఫీ తాగి, కాలు చూసి వెళ్ళిపోయేవారు. ఎలమంచిలి దగ్గర పల్లె నుంచి వచ్చి, హార్బర్లో ఓడలు బాగుచేసే షాపులో ఫిట్టరుగా ఉన్న ఒకతను మాత్రం ప్లేటు పక్కన పెట్టేసి నా బూటు వైపు వంగాడు.

"ఈ రివీటు ఊగిపోతంది. సుత్తుంటే ఓసారి ఇలా ఇవ్వండి" అన్నాడు.

పెళ్ళిచూపుల్లో సుత్తి అడిగినవాణ్ణి నేను అతన్నే చూశాను. మా నాన్న కంగారుపడుతూ వెతికి తెచ్చాడు. అతను నా మడమ దగ్గర నాలుగు దెబ్బలు వేసి, బద్ద కదిపి చూసి, అప్పుడు తలెత్తి నా ముఖం చూశాడు. నేను మనసులో ఆ నిమిషమే ఒప్పేసుకున్నాను.

నా ఉద్యోగం మెట్ట మీది బడిలో. మెట్టంటే మా విశాఖలో చిన్న కొండ. ఊళ్ళో అందరికీ నేను ఫలానా వాళ్ళ కుంటిపిల్లని. ఆ బడిలో ఒక్కచోటే నేను లెక్కల టీచర్ని. పిల్లలు నా కాలు చూసి భయపడేవారు కాదు, నా చేతిలో సుద్దముక్క చూసి భయపడేవారు. ఆ భయం నాకెంత హాయిగా ఉండేదో చెప్పలేను. చిక్కల్లా ఆ మెట్టతోనే. సిటీ బస్సు మెట్టు నాకు అందదు. రిక్షావాడు మెట్ట కింద దింపేసి, పైకి లాగలేనమ్మా అని దండం పెట్టేవాడు. ఆటోవాడు ఒకరోజు వస్తే రెండు రోజులు మొహం చాటేసేవాడు. నడిచి ఎక్కేసరికి బెల్లు కొట్టేసేవారు, నాకు తల ప్రాణం తోకకి వచ్చేది. కొన్నాళ్ళకి మంచి కాలు మోకాలు కూడా వాచింది. ఇలాగే ఎక్కితే ఆ కాలూ ఉండదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

అందుకు వచ్చింది ఆ కారు. బదిలీ మీద వెళ్ళిపోతున్న హార్బర్ ఆఫీసరొకాయన వదిలించుకున్న, దొరలు ఉన్నప్పటి ఇంగ్లీషు కారు. గుండ్రటి ముక్కు, తోలు సీట్లు, తలుపు వేస్తే బీరువా మూసిన చప్పుడు. మొదటిరోజు నన్ను ఎక్కించుకుని మా ఆయన మెట్ట ఎక్కిస్తుంటే పిల్లలు రెండు పక్కలా అరుస్తూ పరిగెత్తారు. బెల్లు ఇంకా కొట్టలేదు. ఖాళీ క్లాసులో కూర్చుని, చెమట పట్టని నా చీర చూసుకుని ఏడ్చాను. అంత సుఖం నాకు అలవాటు లేదు.

ఆ సుఖం ఎన్నాళ్ళో ఉండలేదు. మా క్వార్టరు హార్బరుకి ఆనుకుని ఉండేది. ఒకవైపు నుంచి ఉప్పు గాలి, ఇంకోవైపు నుంచి ఓడలకెక్కించే ఇనప రాయి దుమ్ము. పొద్దున్న తుడిచిన కారు మధ్యాహ్నానికి ఎర్రగా ఉండేది. ఆ దుమ్ము ఏదో, కారు తుప్పు ఏదో తెలిసేది కాదు. ఒకనాడు ఇంజనుకి పెట్రోలు అందించే పంపు పోయింది. అది బాగయ్యేలోపు బ్రేకులు వదిలేశాయి. బ్రేకులు పట్టేసరికి రేడియేటరు కారడం మొదలైంది. సామాను కావాలంటే మద్రాసు మనిషికో కలకత్తా మనిషికో చెప్పుకోవాలి. వాళ్ళు తెచ్చింది ఇంకేదో కారుది అయ్యేది. దాన్ని ఇక్కడ మావాళ్ళు అరగదీసి, లేతు మీద పెట్టి, ఎలాగో ఇరికించేవారు. ఇరికించినంతసేపు పట్టేది కాదు అది ఊడిపోవడానికి.

అప్పట్లో ఒక మెకానిక్కు ఉండేవాడు, మా ఆయన ఊరివాడే. ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటూ ఆదివారాలన్నీ కారు కిందే గడిపేవారు. ఎప్పుడడిగినా అతని సమాధానం ఒకటే: "అయిపోయింది టీచరమ్మా, రేపు మీరు పువ్వులా ఎల్తారు." ఆ రేపటి కోసం నేను రాత్రే చీర ఇస్త్రీ చేసి పెట్టుకునేదాన్ని. పొద్దున్న కారు గుర్రుమని దగ్గి ఊరుకునేది. ఇస్త్రీ చీర కట్టుకుని రిక్షా కోసం గేటు దగ్గర నిలబడ్డప్పుడు, ఆ కారుని రాయి పెట్టి కొట్టాలనిపించేది. వారంలో సగం రోజులైనా నన్ను మెట్ట ఎక్కిస్తోంది కదా అని ఓర్చుకునేదాన్ని.

ఉక్కు ఫ్యాక్టరీ పనులు ఊపందుకున్నాక ఆ మెకానిక్కు అటు దువ్వాడ వైపు పెద్ద పెద్ద యంత్రాల మీద పనికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు వచ్చి, "ఏటి సెయ్యమంటావ్ బావా, పర్మనెంటు అంతన్నారు" అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. మా ఆయన మాత్రం కొంచెం సంతోషించాడనే నా అనుమానం. ఇక ఆ కారు పూర్తిగా ఆయన చేతికి వచ్చింది.

మా ఆయన చేతికి తెలిసింది ఓడ. ఓడకి తుప్పు పడితే వాళ్ళు చేసే పని ఒకటుంది. మొనదేలిన సుత్తితో ఆ తుప్పంతా పెచ్చులు పెచ్చులుగా కొట్టేస్తారు. కింద మంచి ఇనుము తగిలేదాకా కొట్టి, ఎర్ర రంగు పూసి, దాని మీద బూడిద రంగు పూస్తారు. పల్చబడినచోట పైన ఇంకో ప్లేటు వేసి వెల్డింగు చేసేస్తారు. ఓడ గోడ మందం ఎంతో, కారు రేకు మందం ఎంతో ఆయనకి తెలియక కాదు. తెలిసినా చెయ్యి మాత్రం పాత దెబ్బే వేసింది. మొదటి ఆదివారమే సుత్తి రేకులోంచి అవతలికి దిగిపోయింది. నా కాళ్ళు పెట్టుకునేచోట నేల కనిపించింది.

"కన్నం పడిందేటండీ?" అన్నాను, ఆయన యాసలోనే ఎగతాళిగా.

"కన్నవుంటే ప్లేటేసేత్తాను. దానికేటి?" అన్నాడు.

వేశాడు. పాత ఓడలు విప్పేచోట దొరికిన ప్లేటు ముక్క కోసి, నా కాళ్ళ కింద వేశాడు. అది వేసేసరికి దాని పక్క రేకు చిరిగింది, అక్కడా ప్లేటు పడింది. తర్వాత తలుపుల అడుగున, తర్వాత డిక్కీలో, తర్వాత చక్రాల పైన. ఎర్ర రంగు మీద బూడిద రంగు, బూడిద మీద మళ్ళీ ఎర్ర రంగు. తలుపు తియ్యాలంటే నేను రెండు చేతులూ వెయ్యాల్సి వచ్చేది. వెనక చక్రాల మీద బరువు మోసే కమాను కట్టలు చదునైపోయి ఒకరోజు ఫట్టుమని విరిగాయి. విరిగితే ఇంకా లావు పట్టీలు తెచ్చి బిగించాడు. ఇంజను మాత్రం ఆ దొరల కాలం నాటిదే, పాపం.

నాకు అనుమానం వచ్చింది. రావడానికి కారణం నా కాలు. పెళ్ళైన కొత్తలో, నా ఇనప బద్దలు సన్నంగా ఉన్నాయని, ఎప్పుడో విరిగి నేను పడిపోతానని ఆయనకి దిగులు పట్టుకుంది. షాపులో కూర్చుని వాటి బదులు దిట్టమైనవి చేసి తెచ్చాడు. నిగనిగలాడుతూ ఎంతో అందంగా ఉన్నాయి. కట్టుకుని లేచి నిలబడ్డాను. అడుగు వెయ్యలేకపోయాను. వాటిని మోసే బలం ఉంటే నాకు అసలు బద్దలెందుకు? ఆయనకి ఆ సాయంత్రమే అర్థమై, మర్నాటికి పాతవే బిగించాడు.

ఆ సంగతి గుర్తుచేసి, "నా కాలికి చేసిందే దానికీ చేస్తున్నారు" అన్నాను.

"నీ కాలుకి ఇంజను లేదు కదే" అని నవ్వాడు. తర్వాత కారు పక్కలు అరచేత్తో చరిచి, "సూడు, ఇంక దీన్ని సముద్రంలో దింపినా ములగదు" అన్నాడు.

"మనం సముద్రంలోకి వెళ్ళక్కర్లేదండీ. మెట్ట ఎక్కాలి" అన్నాను.

ఆయన వినిపించుకోలేదు. వినే స్థితిలో లేడనుకుంటాను. నేను ఆలస్యంగా వెళ్ళిన ప్రతిరోజూ ఆయనకి అవమానంగా ఉండేది. ఆ అవమానానికి ఇంకో ప్లేటు వేసేవాడు.

బడిలో హెడ్మిస్ట్రెస్ మంచిదే. చాలాకాలం నన్ను వెనకేసుకొచ్చింది. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాక మాత్రం నన్ను గదిలోకి పిలిచి, "పరీక్ష రోజు కూడా మీరు లేటైతే నేను మేనేజిమెంటుకి ఏం చెప్పనమ్మా?" అంది. ఇంటికొచ్చి ఆ మాట ఆయనకి చెప్పాను. ఆయన అన్నం సగంలో వదిలేసి కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

పరీక్ష రోజు తెల్లారకుండానే తయారయ్యాం. కారు ఒక్కసారికే అందుకుంది. నాకు ఆశ కలిగింది, ఆ పాడు ఆశ ఎన్నిసార్లు మోసపోయినా చావలేదు. మెట్ట కింద గేరు మార్చాడు. కొంతదూరం మూలుగుతూ ఎక్కింది. సగం మెట్ట మీద ఇంజను అరుస్తూనే ఉంది, చక్రాలు మాత్రం తిరగడం లేదు. క్లచ్చు కాలిన కంపు లోపలంతా నిండింది. ఆయన బ్రేకు మీద నిలబడ్డాడు.

పరీక్షకి వెళ్తున్న మా పిల్లలు చూశారు. "టీచర్ గారి కారురా, తొయ్యండెహె!" అంటూ అట్టలూ సిరాబుడ్లూ రోడ్డు మీదే పెట్టేసి కారు వెనక్కి వచ్చేశారు. ఎవరికి తెలుసు అది కారు బరువు కాదని? వాళ్ళు భుజాలు ఆనించారు. కింద బ్రేకు దగ్గర ఏదో తెగిన చప్పుడైంది. కారు వెనక్కి కదిలింది.

నేను కిటికీలోంచి తల బయటపెట్టి ఎలా అరిచానో నాకే తెలియదు. "తప్పుకోండర్రా! తప్పుకోండి!" క్లాసులో నేను అరిస్తే భయపడే పిల్లలు కాబట్టి సరిపోయింది. చెల్లాచెదురుగా రెండు పక్కలకీ దూకేశారు. ఓడలా కట్టిన ఆ కారు మమ్మల్నిద్దర్నీ మోసుకుంటూ వెనక్కి జారి, రోడ్డు పక్క ప్రహరీగోడని గుద్దుకుని ఆగింది. గోడ పగిలింది. కారుకి చొట్ట కూడా పడలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాటే ఆయన రోజంతా అంటూ తిరిగాడు. ఒక అమ్మాయి పరీక్ష అట్ట మాత్రం చక్రం కింద పడి రెండు ముక్కలైంది. ఆ పిల్ల ముక్కలు ఏరుకుంటూ అట్ట వైపు చూడలేదు, నా వైపు చూసింది. ఆ చూపులో ఉన్న భయం, నా చేతి సుద్దముక్కని చూసినప్పటి భయం కాదు.

"పొండి, పరీక్షకి టైమవుతోంది" అని వాళ్ళని పంపించేశాను. నేను రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాను. పైన బెల్లు కొట్టడం వినిపించింది. ఆయన వచ్చి, "పద, నాను ఎత్తుకుని అట్టుకెల్తాను" అన్నాడు. తలకాయ అడ్డంగా ఊపాను. పిల్లల కళ్ళ ముందు మొగుడి చంకనెక్కి వచ్చే లెక్కల టీచరు చెప్పింది ఎవరు వింటారు? ఆ సాయంత్రమే రాజీనామా రాసి పంపించాను.

కారుని స్క్రాపుకి అమ్మేశాం. లారీ వెనక కట్టి లాక్కెళ్ళి కాటా మీద పెట్టారు. స్క్రాపు దుకాణం మనిషి ముల్లు వైపు చూసి, చక్రాల కింద ఏమైనా ఇరుక్కుందా అని వంగి చూసి, మళ్ళీ ముల్లు చూశాడు.

"ఇదేటి బావా, కారని సెప్పి లారీ తెచ్చినావా?" అన్నాడు.

మా ఆయన మొహంలో ఒక్క క్షణం గర్వం కనిపించింది. నిజంగానే కనిపించింది. తన చేతిపని ఎవరో మెచ్చుకున్నట్టు నవ్వబోయి, నన్ను చూసి మానేశాడు. అక్కడున్న బరువులో ఎక్కువ పాలు నా కోసం వేసిందే. అందుకే నాకు ఆయన్ని తిట్టడానికి కూడా నోరు రాలేదు. తిట్టగలిగితే కొంచెం తేలికపడేదాన్నేమో.

తర్వాత నాకు ఇల్లే లోకమైంది. ట్యూషన్లు చెప్పమన్నారు, చెప్పబుద్ధి కాలేదు. వంటింటి నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి వంటింటి దాకా నడిచేదాన్ని. మెట్ట మీది బెల్లు మా ఇంటికి వినిపించదు. అయినా ఆ వేళకి నా చెయ్యి పనిలో ఆగిపోయేది.

ఒక ఆదివారం, కారు నిలబడే చోట ముగ్గు వేసుకున్న రోజు, ఆయన నా పక్కన నేల మీద కూర్చుని బూటు వైపు చూశాడు. పెళ్ళిచూపుల్లో బిగించిన ఆ రివీటే మళ్ళీ వదులైంది. లేచి వెళ్ళి సుత్తి తెచ్చుకున్నాడు.

"ఊగిపోతందే ఇది. కూసింత గట్టిది ఏసేద్దునా?"

ఆయన అడిగితే నేను కాలు చాపకపోవడం అదే మొదటిసారి. కుర్చీ కిందికి కాలు లాక్కున్నాను.

"గట్టిది ఎందుకండీ? ఇంకెక్కడికి వెళ్ళాలి?" అన్నాను.